100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా సాయంత్రం మీటింగులో నా మాట తెగిపోతోంది: క్యూఓఎస్ ఎందుకు పనిచేయడం లేదు?

మేడమీది గది (తెనాలి):

సభ్యులందరికీ నమస్కారం. రెండు నెలలుగా తెమలని సమస్య ఒకటి మీ ముందు పెడుతున్నాను. మీరు మళ్ళీ మళ్ళీ అడగవలసిన అవసరం లేకుండా వివరాలన్నీ రాస్తున్నాను కనుక కొంచెం పొడుగైతే మన్నించండి.

మాది పాతికేళ్ళ కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ కింది హాల్లోకి వస్తుంది. కేబుల్ అబ్బాయి మొదటిరోజు టీవీ వెనక గోడకు బిగించి వెళ్ళిన పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. నేను మేడమీది గదిలో కూర్చుని పనిచేస్తాను. మా బృందం అమెరికా తూర్పు తీరంలో ఉంటుంది కాబట్టి మీటింగులన్నీ సాయంత్రం ఏడింటికి మొదలై పది దాకా సాగుతాయి. పగలంతా ఏ ఇబ్బందీ లేదు. ఏడున్నర దాటాక మాత్రం నా మాట అవతలివారికి ముక్కలు ముక్కలుగా, డబ్బాలోంచి వస్తున్నట్టు వినబడుతోందట. విచిత్రమేమిటంటే వాళ్ళ మాట నాకు చాలావరకు సరిగ్గానే వినబడుతుంది.

ఇంట్లో నెట్ వాడేవి ఇవి: నా ఆఫీసు ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు, నాన్నగారు యూట్యూబులో ప్రవచనాలు వినే టీవీ, ఇంటర్ చదివే మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసుల ట్యాబ్, గేటు దగ్గరా పెరట్లోనూ పెట్టిన రెండు కెమెరాలు. కనెక్షన్ 100 ఎంబీపీఎస్ ప్లాను. ఫిర్యాదు చేస్తే కంపెనీ మనిషి వచ్చి, పెట్టె పక్కన నిలబడి తన ఫోనులో స్పీడ్ టెస్టు చేసి, 96 చూపించి, ‘అంతా బాగానే ఉంది సార్’ అని వెళ్ళిపోయాడు.

అందుకని క్యూఓఎస్ (ఏ పరికరం డేటా ముందు వెళ్ళాలో నిర్ణయించే సదుపాయం) ఉన్న రౌటర్ ఒకటి కొని, దాన్ని ఫైబర్ పెట్టెకు కేబుల్‌తో కలిపాను. ప్రాధాన్యాల పేజీలో డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 100 అని నింపి, నా ల్యాప్‌టాప్‌ను అన్నిటికంటే పైన పెట్టాను. ఫోన్లు, ల్యాప్‌టాప్, ట్యాబ్ కొత్త రౌటర్ వైఫైలోకి మారాయి. కెమెరాలకు పాస్‌వర్డ్ మార్చడానికి నిచ్చెన ఎక్కాలి కాబట్టి అవీ, వాటితోపాటు టీవీ పాత పెట్టె వైఫైలోనే ఉండిపోయాయి. ఇంత చేసినా రవ్వంత తేడా రాలేదు. ఇంకా ఖరీదైన గేమింగ్ రౌటర్ తీసుకోవాలా, లేక మెష్ (ఇల్లంతా వైఫై పంచే చిన్న పెట్టెల సెట్టు) పెట్టాలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.


తీగ చివర (హైదరాబాదు):

మేడమీది గది గారూ, కొత్తది కొనే ఆలోచనను ఒక వారంపాటు పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లోనే మంచి ఆనవాలు ఒకటి ఉంది. వాళ్ళ మాట మీకు వినబడుతూ మీ మాటే వాళ్ళకు తెగుతోందంటే, ఇంట్లోకి వచ్చే దారి కంటే ఇంట్లోంచి బయటికి పోయే దారి ఇరుకుగా ఉండే అవకాశం ఎక్కువ. స్పీడ్ టెస్టులో అందరం పెద్ద అంకె చూసి తృప్తిపడతాం, అది డౌన్‌లోడ్. దాని పక్కన ఉండే అప్‌లోడ్ అంకెను మీరూ రాయలేదు, వచ్చిన మనిషీ మీకు చూపించినట్టు లేదు.

అయినా నాడి చూడకుండా మందు రాయడం తప్పు కాబట్టి ముందు కొలవండి. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదానిలో మీ రౌటర్ చిరునామాకు, అది సాధారణంగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ అవుతుంది, రెండో దానిలో 8.8.8.8 కు, అంటే బయట ఉన్న గూగుల్ సర్వరుకు, పింగ్ పెట్టండి. పింగ్ అంటే చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొచ్చిందో చూపే కమాండ్. విండోస్‌లో చిరునామా తరువాత చిన్న అడ్డగీత, టీ అక్షరం చేర్చితే మీరు ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. రెండు విండోలనూ పక్కపక్కన పెట్టుకుని, మాట తెగే ఆ ఏడున్నర తరువాతి సమయంలోనే పది నిమిషాలు గమనించండి. పగలు కొలిచిన అంకెలు ఇక్కడ దేనికీ పనికిరావు.

మొదటి విండోలో అంకెలు ఒకటి రెండు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండి, రెండో విండోలో మాత్రమే ఎగిరిపడుతుంటే మీ వైఫై నిర్దోషి. జబ్బు రౌటర్‌కు అవతల ఉంది. మొదటి విండోలోనే అంకెలు వందల్లోకి వెళ్ళినా, ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వచ్చినా గాలిలోనే గొడవ ఉంది, దానికి కంపెనీని తిట్టి లాభం లేదు. ఈ పరీక్షను ఒక రోజు ల్యాప్‌టాప్‌ను కిందికి తెచ్చి కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, ఇంకొక రోజు మేడమీద మీ కుర్చీలోనే కూర్చుని చేయండి. ఈ రెండూ విడివిడిగా చేయకపోతే రెండు జబ్బులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏదీ తేలదు.

ఇక మీ క్యూఓఎస్ సంగతి. క్యూ ఉన్నచోట మాత్రమే ప్రాధాన్యానికి అర్థం ఉంటుంది. వెడల్పు గేటు దగ్గర కాపలాదారును నిలబెట్టి, ‘ముందు పెద్దవాళ్ళను వదులు’ అని చెప్పారనుకోండి. అక్కడ అందరూ ఆగకుండా నడిచిపోతుంటే అతనికి చేయడానికి పనేమీ ఉండదు. ఓ పది అడుగుల అవతల ఉన్న సన్న గేటు దగ్గర జనం తోసుకుంటుంటారు, అక్కడేమో కాపలాదారు లేడు. మీ నిజమైన అప్‌లోడ్ ఏ 30 లేదా 40 ఎంబీపీఎస్ అయి ఉండి మీరు 100 అని నింపారనుకోండి, సరిగ్గా ఇదే జరుగుతుంది. రౌటర్ తన దగ్గరికి వచ్చినవన్నీ వెంటనే ముందుకు తోసేస్తుంది, క్యూ ఫైబర్ పెట్టెలో పేరుకుంటుంది, ఆ పెట్టెకు మీ ల్యాప్‌టాప్ ఎవరో మీ అబ్బాయి ఫోను ఎవరో తెలియదు.

మీటింగ్‌కు వేగం పెద్దగా అక్కరలేదని కూడా గుర్తుంచుకోండి. మాట ఒక్కటే అయితే 100 కిలోబిట్ల చుట్టుపక్కల సరిపోతుంది, వీడియో కలిపినా మహా అయితే మూడు నాలుగు ఎంబీపీఎస్. దానికి కావలసింది సమయానికి చేరడం. మాట ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని టెలిఫోన్ ప్రమాణాల్లో, అంటే అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ వారి జీ.114 లో ఉంటుంది. ఇక్కడి నుంచి అమెరికా తూర్పు తీరానికి పోయి రావడానికే 200 మిల్లీసెకన్లకు పైగా, అంటే ఒకవైపుకే వందకు పైగా పడుతుంది కాబట్టి మీ బడ్జెట్ చాలావరకు సముద్రం కిందే ఖర్చయిపోతోంది. ఇంట్లో ఇంకో 300 చేర్చుకునే స్తోమత మీకు లేదు.


ఆరో అంతస్తు (విశాఖపట్నం):

తీగ చివర గారి మాటతో నాకు పేచీ లేదు గానీ, ఇల్లు ఇలా ఉందని విన్నాక వైఫైని అంత తొందరగా నిర్దోషిగా వదలకూడదని నా అభిప్రాయం. పెట్టె టీవీ వెనక ఉంది, గది మేడమీద ఉంది, మధ్యలో ఇనుప చువ్వలతో పోసిన స్లాబు ఉంది. ఆ రోజుల్లో కట్టిన ఇళ్ళలో మేడమీది గదిలో ఇనుప బీరువా కూడా ఉంటుంది. ఎక్కువ ఇళ్ళలో అది సరిగ్గా సిగ్నల్ వచ్చే దారికే అడ్డంగా ఉంటుంది. నిలువుటద్దం ఉన్న బీరువా అయితే మరీ. పెద్ద లోహపు రేకు వెనక నీడ పడినట్టే సిగ్నల్‌కూ నీడ పడుతుంది.

ఫోనులో వైఫై ఎనలైజర్ వంటి యాప్ వేసుకుని మీ కుర్చీ దగ్గర సిగ్నల్ ఎంత ఉందో చూడండి. ఆ అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 50 అంటే రౌటర్ పక్కనే కూర్చున్నట్టు; మీటింగులకు మైనస్ 67 లోపల ఉండేలా చూసుకోవడం మంచిది; మైనస్ 75 దాటాక చుక్కలు కనిపిస్తాయి. ఫోనులో రెండు గీతలున్నాయి, మూడు గీతలున్నాయి అన్న లెక్కను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఆ గీతలను ఒక్కో రకంగా గీస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో మీ వైఫై పట్టీ ఉంటే ఇంకో చిక్కు. అక్కడ మన దేశంలో 1 నుంచి 13 వరకు ఛానళ్ళు కనిపిస్తాయి గానీ, ఛానళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కో వైఫై ఆక్రమించేది 20. అందుకని ఒకదానిమీద ఒకటి పడకుండా నిలబడగలిగేవి 1, 6, 11 మూడే. పక్కింటివారు 6 లో ఉంటే మీరు తెలివిగా 4 లోకి మారామనుకోవడం తప్పు. ఒకే ఛానల్లో ఉన్న రెండు రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటాయి. సగం సగం కలిసిన ఛానళ్ళలో ఉన్నవి ఒకరి మాట ఒకరికి అర్థంకాక ఒకేసారి అరుస్తాయి. వెడల్పును 40 కి పెంచమని రౌటర్ ఊరిస్తుంది, 2.4 లో దాన్ని 20 దగ్గరే ఉంచండి. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినప్పుడు కూడా ఈ పట్టీయే దెబ్బతింటుంది.

5 గిగాహెర్ట్జ్‌కు ఈ రద్దీ తక్కువ. 2018 లో కేంద్రం ఆ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది కాబట్టి చోటుకు కొదవ లేదు. స్లాబు దాటడంలో మాత్రం అది 2.4 కంటే బలహీనం. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. మా ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ పేరు రోజుకు ఒకటి రెండుసార్లు ఫోన్ల జాబితాలోంచి మాయమై, కాసేపటికి తిరిగి వచ్చేది. రౌటర్ వేడెక్కుతోందని దాని కింద రెండు అగ్గిపెట్టెలు పెట్టి ఎత్తు చేశాను, తరువాత చిన్న ఫ్యాను కూడా పెట్టాను. నెలరోజులకు గానీ లాగ్ పేజీ తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. అందులో ‘రాడార్ డిటెక్టెడ్, ఛానల్ 100’ అని వరుసగా ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్ళు రాడార్లు కూడా వాడుకునేవి. రాడార్ లాంటిది వినబడితే రౌటర్ ఆ ఛానల్‌ను ఖాళీ చేయాలి, అరగంటపాటు అటు తిరిగి రాకూడదు, అలాంటి మరో ఛానల్‌కు వెళ్ళినా కనీసం ఒక నిమిషం మౌనంగా విని గానీ మాట్లాడకూడదు. 36 కు మార్చాను, ఆ రోజుతో పోయింది. 36 నుంచి 48 వరకు, 149 నుంచి 165 వరకు ఈ బెడద లేదు.

మేడమీద బలహీనమైన సిగ్నల్‌తో వేలాడే పరికరం తన పని మాత్రమే కాదు, ఇంటిల్లిపాది పనీ పాడుచేస్తుందని కూడా గమనించండి. 1500 బైట్ల ప్యాకెట్టు 130 ఎంబీపీఎస్‌లో దాదాపు 0.09 మిల్లీసెకను గాలిని ఆక్రమిస్తే, అదే 6.5 లోకి దిగజారినప్పుడు 1.85 తీసుకుంటుంది. ఒక్కటే గాలి కాబట్టి మిగిలినవన్నీ ఆ ఇరవై రెట్ల సేపూ నోరు మూసుకుని ఉండాల్సిందే.


మేడమీది గది:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు సాయంత్రాలు కూర్చుని కొలిచాను. ఫలితాలు చూశాక నాకు కొంత సిగ్గుగానూ ఉంది.

మొదటి సాయంత్రం కింద హాల్లో, కేబుల్‌తో. ఏడింటికి రౌటర్ పింగ్ 1 లోపే, 8.8.8.8 పింగ్ 14. ఏడూ నలభైకి రౌటర్ పింగ్ కదలలేదు గానీ రెండో విండోలో 14 కాస్తా 90, 210, 390 అయి, ఇరవై నిమిషాలపాటు 400 దగ్గరే కూర్చుంది. అప్పుడే స్పీడ్ టెస్టులో చూడని ఆ రెండో అంకె చూశాను. ఏ గొడవా లేని పగటివేళ కూడా అప్‌లోడ్ 21 మాత్రమే వస్తోంది. ప్లాను కాగితం తీసి చూస్తే 100 అన్నది డౌన్‌లోడ్‌కేనని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఏడూ నలభైకే ఎందుకన్నది కనిపెట్టింది మా ఆవిడ. ఆవిడ స్కూలు నుంచి వచ్చి, వంట ముగించి, ఫోను ఛార్జింగ్ పెట్టే వేళ అది. పిల్లల ప్రాజెక్టులు, వార్షికోత్సవం రిహార్సళ్ళు అంటూ రోజూ తీసే వీడియోలన్నీ ఛార్జర్ తగిలించగానే బ్యాకప్ కావడం మొదలవుతుంది. ఆ ఫోను ఛార్జర్ తీసేస్తే పది సెకన్లలో పింగ్ 30 కి దిగింది, మళ్ళీ తగిలిస్తే మళ్ళీ ఎక్కింది. నాలుగుసార్లు తీసి పెట్టి చూశాక, ‘ఇక చాలు, బ్యాటరీ పాడవుతుంది’ అని నన్ను ఆపారు.

రెండో సాయంత్రం మేడమీద. ఇక్కడ ఆరో అంతస్తు గారు నెగ్గారు. రౌటర్ పింగే 3 నుంచి 250 మధ్య ఆడుతోంది, వందకు నాలుగైదు అసలు తిరిగి రావడం లేదు. కుర్చీ దగ్గర సిగ్నల్ మైనస్ 78. బీరువా విషయంలోనూ మీ ఊహే నిజం, అద్దంతో సహా. మూడో సాయంత్రం బీరువాను అవతలి గోడకు జరిపిస్తే మైనస్ 73 వచ్చింది. ఇద్దరు మనుషులు పట్టిన పనికి అయిదు డెసిబెల్లు.

అంటే నాకు రెండు జబ్బులూ ఉన్నాయి. అప్‌లోడ్ గడిలో 100 తీసేసి 21 అని నింపాను. కొంచెం మెరుగైంది గానీ పూర్తిగా కాదు, ఇప్పటికీ పింగ్ 150 దాకా వెళుతోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?


గ్రీన్ కనెక్టర్ (ఖమ్మం):

నేను ఫైబర్ అతుకులు వేసే పనిలో పన్నెండేళ్ళుగా ఉన్నాను. మీ మొదటి పోస్టులో ఒక వాక్యాన్ని అందరూ దాటేసినట్టున్నారు. కెమెరాలు, టీవీ పాత పెట్టె వైఫైలోనే ఉన్నాయని రాశారు. మీ కొత్త రౌటర్ ఆ పెట్టెకు ఇవతల ఉంది. కెమెరాలు పంపేది దాని గుండా పోదు, పక్కదారిన నేరుగా ఫైబర్‌లోకి వెళ్ళిపోతుంది. మీ రౌటర్‌కు ఆ కెమెరాలు ఉన్నాయనే తెలియదు. తెలియనిదాన్ని అది లెక్కలో ఎలా వేసుకుంటుంది? 21 అని నింపితే 21 మొత్తం తనదేననుకుని పంపుతుంది, కెమెరాలు పంపే మూడో నాలుగో దానికి పైన పడతాయి, క్యూ మళ్ళీ పెట్టెలోనే. నిచ్చెన ఎక్కడం తప్పదు. అన్నిటినీ కొత్త రౌటర్‌లోకి తెచ్చి పాత పెట్టె వైఫైని ఆపించేయండి. నిచ్చెన ఎక్కడం మరీ కష్టమైతే పాత వైఫై ఆపేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ కొత్త రౌటర్‌లో రెండో నెట్‌వర్క్‌గా పెట్టండి, కెమెరాలు వాటంతట అవే వచ్చి చేరతాయి. చాలా కెమెరాలకు 5 గిగాహెర్ట్జ్ రాదు, ఆ పేరును 2.4 లో ఉంచండి.

పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని మీ కేబుల్ ఆపరేటరును అడిగితే ఇంకా శుభ్రం. అప్పుడు పెట్టె రౌటర్ పని మానేసి, కనెక్షన్‌ను నేరుగా మీ రౌటర్‌కు అందిస్తుంది. కొందరు చేసిపెడతారు, కొందరు దానికి కావలసిన కనెక్షన్ యూజర్‌నేమ్ ఇవ్వరు. పేచీ పెట్టుకోవద్దు, ఇవ్వకపోయినా పని నడుస్తుంది.

మేడమీదికి మెష్ కొనకముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. పాతికేళ్ళ ఇల్లంటే మేడ మీది నుంచి హాల్లోకి డిష్ కేబుల్ కోసం కొట్టిన రంధ్రం ఉండి తీరుతుంది. పాత నల్ల తీగ చివరకు కొత్త క్యాట్ 6 నెట్‌వర్క్ తీగను టేపుతో గట్టిగా చుట్టి, కింద ఒకరు వదులుతూ పైన ఒకరు లాగితే గంటలో పని అయిపోతుంది. అచ్చమైన రాగి తీగ అడిగి తీసుకోండి. అల్యూమినియంకు రాగి పూత పూసినది సగం ధరకు దొరుకుతుంది, మడతల దగ్గర విరుగుతుంది. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం తీయకండి. పైన కొత్త రౌటర్‌ను పెట్టడమో, లేక వైఫైని మాత్రమే ఇచ్చే చిన్న యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టడమో మీ ఇష్టం.

పెట్టె పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం కూడా ఒకసారి చూడండి. మైనస్ 15 నుంచి 25 మధ్య ఉంటే పర్వాలేదు. మైనస్ 27 కి దగ్గరపడితే ఎప్పుడైనా ఎర్రలైటు వెలగవచ్చు, అప్పుడు ఫోన్ చేయండి. టీవీ వెనక పసుపు తీగను గుండ్రంగా బిగించి సెలోటేపు వేసి ఉంటే వదులు చేయండి, సన్నగా మడిచిన చోట వెలుగు కారిపోతుంది.


తీగ చివర:

గ్రీన్ కనెక్టర్ గారు పట్టుకున్నది అసలు ముడి, నేను చదివి కూడా గమనించలేదు.

ఇక మిగిలింది గడిలో నింపే అంకె. మేడమీది గది గారూ, 21 ఉన్నచోట 21 అని నింపకూడదు, 18 అని నింపండి. మీ రౌటర్ మీ లైను కంటే కొంచెం నెమ్మదిగా ఉంటేనే క్యూ రౌటర్‌లో ఏర్పడుతుంది, అప్పుడే దాని మీద అదుపు మీది. నిలకడగా కొలిచిన వేగంలో 85 నుంచి 95 శాతం అన్నది వాడుకలో ఉన్న లెక్క. డౌన్‌లోడ్‌కు 96 వస్తోంది కాబట్టి 86 తో మొదలుపెట్టి, పింగ్ చూస్తూ కాస్త కాస్త పెంచుకోవచ్చు. మూడు ఎంబీపీఎస్ పోగొట్టుకోవడానికి మనసొప్పదు, తెలుసు. దాని బదులు 400 మిల్లీసెకన్లు పోతాయి.

ఆ 400 ఎక్కడిదో లెక్క కట్టి చూడండి. ఫైబర్ పెట్టెలో పంపాల్సినవి దాచుకునే జాగా 1 మెగాబైటు అనుకుందాం, అంటే 8 మెగాబిట్లు. సెకనుకు 21 చొప్పున అవి ఖాళీ కావడానికి 0.38 సెకను. మీ ఆవిడ ఫోను ఆ జాగాను ఎప్పుడూ నిండుగా ఉంచుతోంది, మీ మాట తాలూకు ప్రతి ప్యాకెట్టూ ఆ 0.38 సెకను వరుసలో నిలబడి పోతోంది. మీరు చూసిన 390 కి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్ తన ఇంట్లో ఇలాగే ఎగిరిపడే పింగ్‌ల వెంట పడి, ఈ జబ్బును బఫర్‌బ్లోట్ అనే పేరుతో 2010, 2011 ప్రాంతంలో అందరి దృష్టికీ తెచ్చారు. క్యాథలీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ అనే నెట్‌వర్క్ పరిశోధకులు 2012 లో క్యూ పేరుకోకుండా చూసే కోడెల్ అనే మందు కనిపెట్టారు. దాని నుంచి వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018 లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురితమైంది, దాని తమ్ముడు కేక్ అదే ఏడాది లినక్స్ 4.19 లో చేరింది.

ఈ పద్ధతిలో ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. తపాలా కౌంటర్ దగ్గర ఒకాయన నలభై పార్సిళ్ళ మూటతో నిలబడ్డాడు, వెనక ఒకావిడ ఒక్క కవరు పట్టుకుని ఉంది. గుమాస్తా తెలివైనవాడైతే మూటలోంచి ఒక్కటి తూచి, ఆవిడ కవరు తీసుకుని, మళ్ళీ మూటలోంచి ఇంకొకటి తీస్తాడు. ఆవిడ ఎవరో, ఏ హోదాలో ఉందో అతను అడగడు. మీటింగ్ మాట అలాంటి కవరు, బ్యాకప్ అలాంటి మూట. అందువల్ల మీ ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన ప్రథమ స్థానాన్ని తీసేయండి. ఉంచితే ఒకరోజు ఆ ల్యాప్‌టాప్ తానే రెండు గిగాబైట్ల అప్‌డేట్ దింపుకుంటూ, అబ్బాయి క్లాసును తొక్కేస్తుంది.

మీ రౌటర్ మెనూలో ఎస్‌క్యూఎం (ఈ క్యూ అదుపు పద్ధతికి పెట్టిన పేరు) అన్న మాట గానీ కేక్ గానీ ఉందేమో వెతకండి. లేకపోతే మీ మోడల్‌కు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుందేమో చూడండి. ఎక్కించేముందు మోడల్ పేరుతోపాటు దాని వెర్షన్ సంఖ్య కూడా అడుగున ఉన్న స్టిక్కర్ చూసి సరిపోల్చండి, వెర్షన్ తప్పితే రౌటర్ పనికిరాని ఇటుకరాయి అవుతుంది. ఆన్ చేశాక హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అనే వేగం పెంచే సదుపాయాన్ని ఆపేయడం మరిచిపోకండి. అది ఉంటే ప్యాకెట్లు ఈ గుమాస్తా దగ్గరికి రాకుండానే దొడ్డిదారిన పోతాయి, ఆన్ అని పేజీలో కనిపిస్తూ ఉంటుంది, పని మాత్రం జరగదు. మీ 100 ఎంబీపీఎస్‌కు ఆ లెక్కలన్నీ సాధారణ రౌటర్ ప్రాసెసర్ మోయగలదు. 500 ప్లాను అయి ఉంటే వేరే మాట చెప్పేవాడిని.

వైఫైలో కూడా ప్రాధాన్యం ఉంది, డబ్ల్యూఎంఎం అంటారు, మాట, వీడియో, మామూలు, వెనకపని అని నాలుగు తరగతులు చేస్తుంది. దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఆపితే 802.11ఎన్, ఆ తరువాతి వైఫై ప్రమాణాల వేగాలేవీ రావు. అయితే మైనస్ 78 దగ్గర అది మిమ్మల్ని కాపాడుతుందని ఆశపడవద్దు. తీగ లాగండి.


మేడమీది గది:

పదిరోజుల తరువాత రాస్తున్నాను. డిష్ రంధ్రం నిజంగానే ఉంది, పెయింటు వేసి మూసేశారు. పాత తీగ మధ్యలో తెగి ఉండడంతో లాగడం కుదరక, ఎలక్ట్రీషియన్ వచ్చి స్ప్రింగు వేసి క్యాట్ 6 పైకి తీశాడు. చివర్లకు ప్లగ్గులు మా అబ్బాయి వీడియో చూసి కొట్టాడు. మొదటి ప్రయత్నంలో రెండు జతలే కలిసి 100 దగ్గర ఆగింది, రెండోసారి 1000 వచ్చింది. కొత్త రౌటర్ కిందే ఉంది, అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాం. పైన అటక మీద పడివున్న పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చాను, దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపడం మరిచిపోయి ఒక పూట అందరి చేతా తిట్లు తిన్నాను. కింద ఛానల్ 36, పైన 149. ల్యాప్‌టాప్ మాత్రం నేరుగా కేబుల్‌కే.

నిచ్చెన ఎక్కలేదు, గ్రీన్ కనెక్టర్ గారు చెప్పినట్టు పాత పేరునే కొత్త రౌటర్‌లో పెట్టాను. గేటు కెమెరా నిమిషంలో వచ్చింది, పెరటిది రాలేదు. దాని ఫ్యూజు తీసి పెట్టాక వచ్చింది. కేక్ పెట్టి 18, 86 అని నింపాను.

నిన్న ఏడూ నలభైకి మా ఆవిడ ఫోను ఛార్జింగ్‌లో ఉంది, నాన్నగారి ప్రవచనం నడుస్తోంది, అబ్బాయి క్లాసులో ఉన్నాడు. 8.8.8.8 పింగ్ 15 నుంచి 22 మధ్య ఉంది. గంటలో ఒక్కసారి 41 చూశాను. బ్యాకప్ పూర్తి కావడానికి ఇదివరకటి కంటే కొంచెం ఎక్కువ సేపు పట్టిందేమో గానీ, ఆ సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు. ల్యాప్‌టాప్‌కు ప్రాధాన్యం తీసేశాను.

ఇక ఒక్కటే మిగిలింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌కు మారే ఆ రెప్పపాటులో ఫైబర్ పెట్టె ఆగి మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంటోంది. రెండు పెట్టెలకూ 12 వోల్టుల అడాప్టర్లే, ఒకటి 1 ఆంపియరు, ఇంకొకటి 1.5. రెండింటికీ కలిపి ఒకే చిన్న డీసీ యూపీఎస్ సరిపోతుందా, విడివిడిగా తీసుకోవాలా?


గ్రీన్ కనెక్టర్:

రెండు అడాప్టర్ల ఆంపియర్లూ కలిపితే 2.5. యూపీఎస్ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉన్నది దొరికితే ఒకటి చాలు, వై తీగతో రెండింటికీ ఇవ్వవచ్చు. 2 ఆంపియర్లదైతే రెండూ ఒకేసారి లేచేటప్పుడు వోల్టేజి పడిపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. అలాంటిదే చేతిలో ఉంటే విడివిడిగా పెట్టండి. మేడమీది పాత రౌటర్ 9 వోల్టులదేమో అడుగున చూసి మరీ తగిలించండి.